పైకొండ ఆకు

అక్కా,

నీకు, బావగారికి, అమ్మకు నా వందనాలు. దేవుని దయవల్ల నేను ఆరోగ్యంగానే ఉన్నాను. మీరంతా ఎలా ఉన్నారు? అమ్మ ఇంకా మిరపకాయల తొడిమలు తీయడానికి వెళ్తూనే ఉందా? ఆ ఘాటుకు దగ్గు ఎక్కువవుతుంది, మాన్పించు. బావగారిని గ్రానైట్ పాలిషింగ్ దగ్గర ముక్కుకు గుడ్డ కట్టుకోమని చెప్పు. ఎన్నిసార్లు చెప్పినా వినరు, అయినా చెప్పు.

మొన్న ఫోన్లో నా గొంతు బాలేదని అడిగావు. జలుబన్నాను. జలుబు కాదక్కా. నోటితో చెప్పలేక రాస్తున్నాను. ఇది అమ్మకు చదివి వినిపించకు.

నేను అద్దెకుంటున్న ఇంటావిడ గోమతి దీదీ గురించి చెప్పాను కదా. ఇక్కడి హిందీలో దీదీ అంటే మన అక్కే. మా ల్యాబ్‌కి కొండ మీద పైన్ ఆకు కోసి తెచ్చేది ఆవిడే. సూదుల్లా ఉండే ఆ ఆకుకు నీళ్ల ఆవిరి పట్టించి నూనె తీస్తాం. ఆ నూనెలో ఏమేం ఉన్నాయో, ఏది ఎంతుందో మిషన్‌లో పెట్టి చూడడమే నా పని. పైనీన్ అని ఒకటి, పెయింటర్లు వాడే టర్పెంటైన్ వాసన దానిదే. కేరీన్ అని ఇంకొకటి. మన లవంగాల్లో ఉండే పదార్థం కూడా కాస్త ఉంటుంది. వచ్చిన కొత్తలో ఆ మాట చెబితే దీదీ పగలబడి నవ్వింది. "పుట్టినప్పట్నుంచీ ఈ చెట్ల కిందే ఉన్నా, ఒక్క లవంగమూ రాల్లేదే!" అంది. ఇక్కడి చప్పిడి కూరలు నాకు దిగడం లేదని, ఎండుమిరపకాయలు తెచ్చి, కళ్లు తుడుచుకుంటూ పచ్చడి నూరిపెట్టేది.

వేసవిలో ఒకసారి పైకొండ నుంచి ఆకు తెచ్చింది. ఆ నూనెలో కేరీన్ కింది చెట్లకన్నా ఎక్కువ కనిపించింది. ఒక్కసారి చూసి నమ్మకూడదు, మళ్లీ చూడాలి. అందుకని నేనే అడిగాను.

"దీదీ, పైకొండ ఆకు ఇంకో సంచి కావాలి."

"వానలు పడ్డాక తెస్తాలే. ఇప్పుడు కొండంతా ఎండిపోయి ఉంది."

"ఈ వారంలో రిపోర్టు ఇవ్వాలి దీదీ."

మర్నాడు పొద్దున్నే కొడవలి తీసుకుని వెళ్లింది.

మధ్యాహ్నానికి కింది వాలులో మంటలు లేచాయి. ఎలా అంటుకుందో ఎవరికీ తెలీదు. రాలిన పైన్ ఆకు భగ్గున అంటుకుంటుందక్కా. నాకు తెలియనిదా? మంట పైకి పరుగెత్తింది. ఊళ్లోవాళ్లంతా పచ్చికొమ్మలతో కొట్టి ఆర్పుతుంటే నేను రోడ్డు మీద నిలబడి దీదీ, దీదీ అని అరిచాను. సాయంత్రానికి దీదీని కిందికి దించారు. నన్ను చూడనివ్వలేదు.

ఆవిడకు ఒక్కతే కూతురు, రేఖ. డిగ్రీ చదువుతోంది. పదిరోజులు అదే ఇంట్లో ఉంటూ నోరు విప్పలేకపోయాను. ఆ తర్వాత ఒకరోజు తను దుప్పటి ఆరేస్తుంటే దగ్గరికి వెళ్లి చెప్పాను.

"అమ్మను పైకి పంపింది నేనే. వానలు పడనీ అంది. నేనే ఆగలేదు."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"పైకొండ ఆకు నిజంగా అంత మంచిదా?" అని అడిగింది.

అవును, చాలా మంచిదని అబద్ధం చెప్పాలనిపించింది. నోరు రాలేదు.

"తేడా కొంచెమే," అన్నాను.

దుప్పటి ఆరేసింది. అంచులు సరిచేసింది. లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

మా ల్యాబ్ సారు ఆకు కోసం ఇంకెవరినైనా పంపుదామన్నారు. నేను ఎవరినీ అడగనని చెప్పేసి, ఉన్న ఒక్క ఫలితమే రాసిచ్చాను.

వచ్చెయ్యమని అనకక్కా. గది ఖాళీ చేస్తానంటే రేఖ తలెత్తకుండా "మీ ఇష్టం" అంది. ఇంకా చేయలేదు. అన్నం వండి ఆ పిల్ల గుమ్మంలో పెడుతున్నాను. ఒక్కోరోజు తింటుంది. ఒక్కోరోజు గిన్నె అలాగే ఉంటుంది. నా గురించి బెంగపడకు, నేను తింటున్నాను. ఈసారి కారం మాత్రం పంపించకు.

పాస్టరు అయ్యగారికి, సంఘంలో పెద్దలందరికీ నా వందనాలు చెప్పు. ఆదివారం ప్రార్థనలో నా పేరు చెప్పించకు, రేఖ పేరు చెప్పించు. ఎవరా పిల్ల అని అడుగుతారు. తల్లి పోయిన పిల్ల అని చెప్పు. ఎలా పోయిందో మాత్రం చెప్పకు.

నీ దీవెనలు కోరే చెల్లెలు,
కరుణ