పాపులంతా చేతులెత్తారు

అన్నయ్యకు నమస్కారాలు.

పురసంఘ సభ్యుడినై ఏడాదైంది. మార్కెట్ కప్పును మోసే నడిమి స్తంభం నిలువునా బీటలు వారిందని మూడు సభల్లో చెప్పాను. నా పీలగొంతు నీకు తెలిసిందే. మినిట్సు పుస్తకంలో గుమాస్తా "సభ్యుడు దగ్గారు" అని రాసుకున్నాడు. ఆ స్తంభం పక్కనే మన చెల్లాయి కుట్టుమిషను. అక్కణ్ణించి లేవమంటే "ముందు గొంతు సవరించుకో అన్నయ్యా" అంటుంది. పాస్టరుగా నీ ప్రసంగాలకు ఊళ్ళు కదులుతాయి కదా, నాకూ మాట్లాడడం నేర్పు.

నీ తమ్ముడు

తా.క.: నాలుగోసారి లేస్తే అధ్యక్షుడు మంచినీళ్ళు తెప్పించాడు.

*

తమ్ముడికి దీవెనలు.

పరిశుద్ధ గ్రంథం నా ఒళ్ళోనే ఉంది. బూరలూది కేకలేస్తే కోటగోడలే కూలాయిరా! నువ్వేమో ఆస్పత్రి వరండాలో పలకరించినట్టు మాట్లాడతావు. బల్ల గుద్దు. ఆగు. వాళ్ళ గుండె చప్పుడు నీకు వినబడేదాకా ఆగు. అప్పుడు ఉరుము! చివర్లో నాలాగే "మీలో పాపులెవరు? చేతులెత్తండి!" అని గర్జించు. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను, ఆ మాటకు లేవని చెయ్యి లేదు. నోరు తిరగనివాడికి అన్నే నోరయ్యాడని రాసి ఉంది.

నీ నోరు,
అన్నయ్య

తా.క.: గుద్దేముందు బల్లమీద గ్లాసు తీసెయ్యి. అనుభవంతో చెబుతున్నాను.

*

అన్నయ్యా,

కొంప మునిగింది. పురసంఘ వార్షికోత్సవం మార్కెట్లో జరుపుదామా అని అధ్యక్షుడు అడిగాడు. వద్దని లేచాను. గుద్దాను, ఆగాను, ఉరిమాను. సభ్యులు కళ్ళు తుడుచుకున్నారు. పాపులను చేతులెత్తమన్నాను, అందరూ ఎత్తారు. గుమాస్తాకు ఎత్తిన చెయ్యంటే ఓటే. లెక్కపెట్టి "ఏకగ్రీవంగా ఆమోదం" అని రాసేశాడు. "నేను వద్దన్నానండీ" అన్నాను, మామూలు గొంతుతో. ఎవరికీ వినబడలేదు. బయట ఒకాయన నన్ను కౌగిలించుకుని "అబ్బ, వణుకు పుట్టించారండీ!" అన్నాడు. ఇంతకీ నేనేమన్నానని అడిగాను. "అదేనండీ... ఆ వణుకే!"

నీ తమ్ముడు

తా.క.: చెల్లాయి కూడా వచ్చి విని, వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత వెళ్ళి అదే స్తంభం పక్కన కూర్చుని జాకెట్టు కుట్టింది.

*

సింహంలాంటి తమ్ముడికి,

ఏకగ్రీవమా! ఆ మాట కంటబడగానే ఇంక మిగతాది చదవలేదు. ఉత్తరం పట్టుకుని మా సంఘమంతా తిరిగాను. మార్కెట్ మూయించావన్నమాట! ఇంకా గట్టిగా ఉరుమురా!

ఆనందంతో,
అన్నయ్య

తా.క.: గొంతుకు ఉప్పునీళ్ళు పుక్కిలించు.

*

అన్నయ్యకు,

వార్షికోత్సవానికి కుర్చీలు వేస్తుండగా కప్పు కూలసాగింది. అందరూ బయటికి పరుగెత్తారు. చెల్లాయి మాత్రం మిషను కోసం వెనక్కి వెళ్ళి కప్పు కింద చిక్కుకుంది. మిషను తొక్కే కుడికాలు మోకాలిదాకా తీసేశారు.

విచారణలో మినిట్సు పుస్తకం తెరిచారు. నా మూడు హెచ్చరికలూ మూడు దగ్గులు. చేతులెత్తించిన తీర్మానం ఒక్కటే నా పేరుమీద ఉంది. నా పాత గొంతుతోనే జవాబు చెప్పాను. ఈసారి గదంతా ముందుకు వంగి విన్నది. ఒక్క మాట కూడా పొల్లుపోలేదు. ముద్దాయి ఏమంటాడో వినాలని అందరికీ ఆత్రమే.

ఉంటాను,
తమ్ముడు

తా.క.: చెల్లాయి ఆదివారం నీ ప్రసంగానికి వస్తుందట. చేతులెత్తమంటే ఎత్తుతుందట. లేచి నిలబడమని మాత్రం అనొద్దంది.