అటు పాపిడి ఇటు పడింది

అన్నా,

నీ సంవత్సరీకానికి నీ ఫొటో వేసిన టీషర్టులు కావాలని నీ కబడ్డీ దోస్తులు బచ్చన్నపేట నుంచి మన ప్రింటింగు షాపుకే వచ్చారు. రంగు తేల్చడానికే నా ప్రాణం తోడేశారు. జనగామలో ఇంకో షాపు లేదా అనిపించింది. కింద నీ పేరు వేస్తానంటే మాత్రం వద్దన్నారు.

"మా అన్నకు పేరెందుకు చెల్లె? మొఖం చాలదా?" అన్నాడు వాళ్లలో పెద్దవాడు.

ఆ మాటే కొంప ముంచింది. మందు పూసిన స్క్రీన్ మీద నీ ఫొటో ఫిల్మును పొరపాటున వెనక్కి తిప్పి పెట్టి, అచ్చు దిగడానికి లైటు వేశాను. అక్షరాలుంటే మొదటి షర్టు మీదే తిరగబడి కనిపించేవి. ముఖం అలా పట్టివ్వదు కదా. రబ్బరు పట్టీతో రంగు లాగుతూ అన్నీ కొట్టేశాను.

ఆరేసిన షర్టులు చూసి అమ్మ నిలబడిపోయింది.

"గిదేందే బిడ్డా? వాడు పాపిడి గిటు దిక్కు తీస్తడా? గీడు నా కొడుకు గాడు."

ఇక షర్టులు తీసుకుపోవడానికి వచ్చిన నీ దోస్తులూ అందుకున్నారు. పుట్టుమచ్చ చెంప మారిందని ఒకడు, నవ్వు నీది కాదని ఇంకొకడు. అంతదాకా బాగుందన్నవాళ్లే.

రేపటికి మళ్లీ కొట్టాలి. పాడైన షర్టులు మడతపెడుతుంటే గోడకున్న అద్దం కనబడింది. షట్టరు ఎత్తగానే అందులో చూసుకుంటూ దువ్వుకునేవాడివి. రోజూ నీకు కనిపించిన ముఖం ఇదే. ఇంతమందిలో దీన్ని తప్పు అనని మనిషివి నువ్వొక్కడివే.

ఎప్పటిలాగే, పని పడ్డప్పుడు నువ్వు షాపులో ఉండవు.