థిన్నర్, దీపం, పెద్దనాన్న చావు

శనివారం రాత్రి, మోవా

సిల్తారా ఫ్యాక్టరీల కార్మికుల భద్రత కోసం బ్యానర్ రాస్తుంటే ఎర్ర రంగు గచ్చు మీద ఒలికింది. దోమలొస్తాయని కిటికీలు మూసి, థిన్నర్ పోసి తుడిచాను. కిటికీలు తెరిచే వాడాలని ఆ బ్యానర్ మీద రాసిందీ నేనే! అంతలో మా ఆవిడ సరళ దేవుడి మూల నేల మీద కూర్చుని అగ్గిపెట్టె తీసింది.

"వెలిగించకు! థిన్నర్ ఆవిరి నేల మీదే పాకుతుంది, భగ్గుమంటుంది!"

"మళ్లీ మీ భాషణ్ షురూనా? మొన్న దీపానికి నూనె దండగన్నారు, నిన్న మూఢనమ్మకమన్నారు, ఇవాళ ఇల్లే తగలబడుతుందా? బస్! ఈ కంపుకి అగరొత్తులు కూడా వెలిగిస్తా."

పుల్ల తీసింది.

"బొబ్బిలి పెద్దనాన్న పోయారు. మనకు మైల!"

అగ్గిపెట్టె టక్కున కింద పెట్టేసింది. "అయ్యో, ఇప్పుడా చెప్పడం? ముందు తలస్నానం చేయండి!"

మైల పచ్చి బూటకమని ఎన్ని వ్యాసాలు రాశాను! చివరికి ఆ మైల కాళ్లే పట్టుకున్నాను. కిటికీలన్నీ బార్లా తెరిచి, నోరు మూసుకుని చన్నీళ్లు పోసుకున్నాను. ఇల్లు దక్కింది.

కానీ రేపు ఆదివారం. ప్రతి ఆదివారం పొద్దున్నే సరళకు ఫోన్ చేసి క్షేమం అడిగేది బొబ్బిలిలో నిక్షేపంగా ఉన్న ఆ పెద్దనాన్నే.