సువర్ణ సిస్టర్ సంతకం

ఫిబ్రవరి 3, సోమవారం

బోధన్ నుంచి మా నర్సింగ్ హోమ్‌కు సువర్ణమ్మ అనే పేషెంట్‌ను తెచ్చారు. డెబ్బై రెండేళ్లు. రిటైర్డ్ ఏఎన్ఎం నర్సు. పొద్దున ఇన్సులిన్ వేసుకున్న సంగతి మరిచి మళ్లీ వేసుకుందట. షుగర్ 42కు పడిపోయింది. డాక్టర్ గారు స్కాన్ చూసి డిమెన్షియా అని రాశారు.

తేరుకోగానే ఆమె చేసిన మొదటి పని, నేను పరిచిన దుప్పటి మూలలు విప్పి మళ్లీ మడవడం. గిట్లనా నేర్పింది మీకు అని అడిగింది.

ఇన్‌చార్జ్ భాగ్యలక్ష్మి మేడం నవ్వారు. మనోళ్లు జబ్బంటే ఒప్పుకోరే, ఇజ్జత్ అడ్డమొస్తది అన్నారు. కేసు షీట్‌లో నాన్ కోఆపరేటివ్ అని రాయించారు. రాసింది నేనే.

ఫిబ్రవరి 4

కౌన్సెలింగ్ నా పని. మీకు మతిమరుపు జబ్బు అని మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ కొత్తగా విన్నది. ముప్పై అయిదేండ్లు సూదులిచ్చిన చెయ్యి బిడ్డా, మరుస్తదా అని నవ్వింది.

చివరికి రిపోర్టు చేతికిచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివింది. పైన పేరు తనదే. పాపం, ఎవలవ్వనో, ఈమె చేతికి మందులియ్యొద్దని ఇంటోళ్లకు చెప్పుండ్రి అన్నది.

ఫిబ్రవరి 5, మధ్యాహ్నం 3

లంచ్ మానేసి పుస్తకం తిరగేశాను. అనోసోగ్నోసియా. ఇది ఒప్పుకోకపోవడం కాదు. జబ్బును తెలుసుకోవాల్సిన చోటే చెడిపోయింది. చెప్పాల్సిన మాటలు మనసులో రెండుసార్లు అనుకుని మేడం దగ్గరికి వెళ్లాను. సగంలోనే, కాన్వెంట్ల చదివినోళ్లకు అన్నీ పుస్తకాలే, రేపు డిశ్చార్జ్, ఫారం సంగతి సూడు పో అన్నారు.

ఫిబ్రవరి 6

ఫారంలో ఇలా ఉంటుంది: నా జబ్బు గురించి వివరించారు, అర్థమైంది, మందులు నేనే వేసుకోగలను. కింద పేషెంట్ సంతకం. అది లేనిదే మా దగ్గర ఎవరూ గేటు దాటరు. నాకేం జబ్బున్నదని పెట్టాలె అని సువర్ణమ్మ కాగితం నెట్టేసింది. రెండుసార్లు.

మూడోసారి ఫారాన్ని, డ్యూటీ మారేటప్పుడు నర్సులు సంతకం పెట్టే హ్యాండోవర్ రిజిస్టర్‌లో పెట్టి తీసుకెళ్లాను. సిస్టర్, నా డ్యూటీ అయిపోయింది, ఛార్జ్ తీసుకుంటారా అన్నాను. తే బిడ్డా, అలసిపోయినవ్, ఇంటికి పో అన్నది. సంతకం పెట్టింది. టైము కూడా వేసింది.

ఆమె కొడుకు బెన్‌హర్ చెరుకు లారీ డ్రైవర్. నేను లేని దినాలు సూదులు తాళమేసి పెట్టమని మా ఇంటామెకు చెప్పాల్నా మేడం అని అడిగాడు. మేడం ఫారం చూశారు. ఎందుకన్నా, అమ్మకు సమజైంది, ఆమెనే ఏసుకుంటది అన్నారు. బెన్‌హర్ నా వైపు చూశాడు. నేను రిజిస్టర్ మూశాను.

వాళ్లు వెళ్లాక మేడం, హుషారైనవే పిల్లా అన్నారు. ఇక్కడ చేరాక మొదటి మెప్పు. సంతోషమేసింది. ఈ డైరీలోనైనా అబద్ధం రాయను.

ఫిబ్రవరి 9, ఆదివారం

చర్చిలో ఆమె కోసం ప్రార్థించాను. బెన్‌హర్ నంబర్ నా దగ్గరుంది. ఫోన్ చేయలేదు.

ఫిబ్రవరి 14

మళ్లీ తెచ్చారు. మళ్లీ రెండుసార్లు వేసుకుంది. షుగర్ 19. కళ్లు తెరవలేదు.

మీరే గద మేడం సమజైందన్నరు అని బెన్‌హర్ అడిగాడు. మేడం ఫారం తీసి చూపించారు. చాలాసేపు చూశాడు. అమ్మ రాతనే అన్నాడు. ఆ తర్వాత, తప్పు మాదే మేడం, మాఫ్ చేయుండ్రి అన్నాడు.

నేను అక్కడే ఉన్నాను. సెలైన్ బాటిల్ మార్చాను.

ఫిబ్రవరి 16

ఉదయం 6.10. సువర్ణమ్మ పోయింది.

మార్చి 3

కొత్త సిస్టర్లు ముగ్గురు చేరారు. మొండి పేషెంట్ల చేత సంతకం ఎలా పెట్టించాలో నన్ను నేర్పమన్నారు మేడం.

నేర్పాను. ఒక్కసారికే వచ్చేసింది వాళ్లకు.