పెట్టెలు చేసే చెల్లెమ్మ కోసం ప్రార్థన

మార్చి 3, ఆదివారం

చర్చిలో నా ప్రసంగం ముగిసి, కూడిక అయ్యాక పొదుపు సంఘం కూర్చుంది. మా పద్ధతి ఒకటే. అప్పు ఎవరికిచ్చినా ముందు అందరం మోకరించి, వాళ్ళ వ్యాపారం పెరగాలని, గిరాకీ రావాలని గట్టిగా ప్రార్థిస్తాం. ఒక్కరు ఆమెన్ అనకపోయినా డబ్బు కదలదు. ఆ రూల్ పెట్టింది నేనే. గుడ్ల పెద్దమ్మ కోళ్ళ కోసం, దర్జీ మిషను కోసం గొంతు పోయేలా ప్రార్థించాను.

ఇవాళ వడ్రంగి చెల్లెమ్మ లేచింది. భర్త పోయి ఏడాది కాలేదు. ఆయన పనిముట్లతో తనే పని మొదలుపెడుతుందట, చెక్క కొనడానికి అప్పు కావాలట. మంచిది, ఏం చేస్తావమ్మా అన్నాను. శవపేటికలు అంది.

మోకరించబోతున్నవాళ్ళం సగంలో ఆగిపోయాం. గిరాకీ పెరగాలంటే మనలోంచే పెరగాలి కదా బ్రదర్ అని దర్జీ గొణిగాడు. నావైపు చూడకండిరా, నాకింకా కోళ్ళ అప్పు తీరలేదు అంది గుడ్ల పెద్దమ్మ. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. జీవమిచ్చే దేవుణ్ణి పట్టుకుని చావుల మీద లాభం అడుగుతామా అని అరిచాను. నేను ఆమెన్ అనను అన్నాను.

చెల్లెమ్మ ఏడవలేదు. చీర దులుపుకుని వెళ్ళిపోయింది.

మార్చి 5, మంగళవారం

నేనన్నది వాక్యానుసారమే.

మార్చి 8, శుక్రవారం, పొద్దున

చెల్లెమ్మ భర్త పనిచేసిన షెడ్డు ఆమె మరిదిది. సోమవారానికి పని మొదలవకపోతే పనిముట్లన్నీ పాత సామానువాడికి అమ్మేస్తాడట. అవి పోతే ఇద్దరు ఆడపిల్లలతో ఆమెకు ఇంకేం ఆధారం?

కుర్చీలు చెయ్యొచ్చు కదా అన్నాను. ఫ్యాక్టరీ కుర్చీ సగం ధరకొస్తుంటే ఈవిడవి ఎవరు కొంటారండీ అంది మా ఆవిడ. ఉల్లిపాయ కోస్తూ, తల కూడా ఎత్తకుండా, ప్రభువు దేహానికి సమాధి ఇచ్చిన అరిమతయి యోసేపు మీద ఇన్ని ప్రసంగాలు చేశారు, ఒక్కసారీ ఆయన్ని తిట్టలేదేం అని అడిగింది.

మైకులు బద్దలయ్యేలా అరిచే నోరు నాది. ఉల్లిపాయలు ఒలుస్తూ కూర్చున్నాను.

మార్చి 9, శనివారం

షెడ్డుకి వెళ్ళాను. మిగిలిన చెక్కతో మొదటి పెట్టె చేసింది. అంచులకి చిత్రిక పడుతోంది. నన్ను చూసి స్టూలు జరిపింది, పని ఆపలేదు.

ఈ పనే ఎందుకమ్మా అన్నాను. భర్తకి కొన్న పెట్టె పొట్టిదైందట. పొడుగు మనిషి, మోకాళ్ళు మడిచి సర్దారట. షాపువాడు ఆయనకేం తెలుస్తుందిలే అమ్మా అన్నాడట. నాకు తెలుసు కదా బ్రదర్ అంది.

ఆ రోజు సమాధి దగ్గర వాక్యం చెప్పింది నేనే. నేను వెళ్ళేసరికి మూత వేసేశారు. గంటసేపు మహిమలోకం గురించి చెప్పాను.

రేపు సంఘం ఇక్కడే కూర్చుంటుంది అన్నాను. ఏమని ప్రార్థిస్తారు అని అడిగింది. తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

మార్చి 10, ఆదివారం

షెడ్డు నిండా మనుషులు. మోకరించాను. లేచి, చెప్పులు విప్పి, ఆ పెట్టెలో పడుకున్నాను. కాళ్ళు చాపాను. సరిపోయింది. గుడ్ల పెద్దమ్మ అప్పుడే శోకాలు మొదలుపెట్టబోతే దర్జీ ఊరుకోబెట్టాడు. నేను పడుకునే ప్రార్థించాను.

ప్రభువా, ఈమె దగ్గరికి రావలసినవాళ్ళని ఆలస్యంగా రానియ్యి. వచ్చిన రోజు మాత్రం ఈ తలుపు తెరిచి ఉండనియ్యి.

చుట్టూ ఆమెన్లు. నాది పెట్టెలోంచి.