సునామీకి పంపిన లారీ

దిబ్బపాలెం

చిలకలూరిపేటలో ఉన్న తమ్ముడు హయాత్‌ని దీవించి, అక్క కరీమున్ రాస్తున్నది.

నీ చెవులు ఆ పత్తి జిన్నింగు మిల్లు మోతకి అర్పించేశావు. ఫోన్లో అరిచే ఓపిక లేక ఉత్తరం రాస్తున్నాను. మా ఇళ్ళకీ సముద్రానికీ మధ్య ఉన్న ఇసుక దిబ్బని తవ్వడానికి ఒక కంపెనీ దిగింది. ఇసుకలో ఏవో ఖనిజాలున్నాయట. ఊరంతా అడ్డంగా కూర్చున్నాం. మేనేజరు నాగేంద్రబాబు, "ఉత్త ఇసుకేగా, మీకేం నష్టం?" అన్నాడు. మీ బావ ఊరుకుంటాడా? "ఇండోనేషియాలో భూమి కదిలితే మా గుమ్మంలోకి నీళ్ళొస్తాయి బాబూ. పోయినసారి అడ్డం నిలబడింది ఈ ఉత్త ఇసుకే!" అన్నాడు.

నీ అక్క

తా.క.: నెలాఖరు బుధవారం పొద్దున పదింటికి సునామీ అట. మైకులో చెప్పారు. అయ్యాక పులిహోర పెడతారట.

---

చిలకలూరిపేట

అక్కకీ బావకీ హయాత్ సలాములు.

ఉత్తరం చివర చూసిన దగ్గర్నుంచి అన్నం సయించట్లేదు. మిల్లు ఓనరుని బతిమాలి లారీ అడిగాను. మంగళవారం డ్రైవరు బుల్లయ్య తెస్తాడు. దిబ్బ పక్కనే పెట్టమన్నాను. ఉన్నదంతా ఎక్కించెయ్, పేటకి తోలేద్దాం. ఆ దిబ్బ మీద ఇక ఆశ వదులుకో.

నీ తమ్ముడు

తా.క.: బావ మొండికేస్తే ఎత్తి లారీలో పడెయ్యమని బుల్లయ్యకి చెప్పాను.

---

దిబ్బపాలెం

ఒరేయ్ హయాత్,

ఈసారి దీవెనల్లేవు. పత్తి ఏకే ఇంట్లో పుట్టి ఇసుక తోలేవాళ్ళతో కలిశావా? అక్క గుమ్మం ముందు దిబ్బే దొరికిందా నీ లారీకి? పైగా మీ బావని కూడా ఇసుకతో పాటు ఎత్తి పోస్తావా? రానీ ఆ లారీని, ఒక్క చక్రంలోనూ గాలి ఉండదు.

ఒకప్పటి నీ అక్క

తా.క.: బుల్లయ్యకి మాత్రం అన్నం పెడతాను. వాడేం చేశాడు పాపం.

---

చిలకలూరిపేట

అక్కకి కళ్ళనీళ్ళతో హయాత్.

ఇసుకేంటక్కా! సునామీ వస్తుందంటే మిమ్మల్నీ సామాన్లనీ తెచ్చుకుందామని లారీ పంపాను. దయచేసి ఎక్కి వచ్చెయ్యండి.

నీ తమ్ముడు

తా.క.: సునామీ టైము చెప్పి వస్తుందా అని మిల్లులో అడిగాను. "ఇప్పుడన్నీ ఆన్‌లైనే కదా" అన్నారు.

---

దిబ్బపాలెం

బంగారం లాంటి తమ్ముడికి, పోయినసారి ఆపిన దీవెనలు కూడా కలిపి.

నీ ఉత్తరం సునామీ అయ్యాక అందింది. అది రిహార్సలురా! నిజంగా వస్తే ఎటు పరిగెత్తాలో అధికారులు నేర్పారు, అంతే. మంగళవారం బుల్లయ్య అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ అసలు సంగతి చెప్పాడు. అప్పటికే మీ బావ గాలి తీసేశాడు. లారీ దిబ్బ దారికి అడ్డంగా కూలబడింది. కంపెనీ పొక్లెయిన్‌కి దారి లేదు.

బుధవారం సైరన్ మోగింది. నాగేంద్రబాబు పైఊరివాడు, మైకు వినలేదు. చెప్పులొదిలేసి అందరికంటే ముందు దిబ్బ కొసకెక్కాడు. మేం ఎక్కేసరికి కళ్ళు మూసుకుని దండాలు పెడుతున్నాడు. రిహార్సలు చేయించిన అధికారిణి అఖిల గారు, "ఇక్కడికే ఎందుకొచ్చారండీ?" అని అడిగింది.

"ఊళ్ళో ఇంకెక్కడుందండీ ఎత్తు?" అన్నాడు.

ఆవిడ కిందున్న పొక్లెయిన్ వంక చూసింది. "మరి ఈ దిబ్బని తవ్వేస్తే వీళ్ళెక్కడికి ఎక్కాలి?"

ఆవిడ అక్కడికక్కడే పని ఆపించి, దిబ్బ మీద సునామీ రక్షణ స్థలం అని బోర్డు పాతించింది. నాగేంద్రబాబుకి మీ బావే రెండుసార్లు పులిహోర వడ్డించాడు.

ఎప్పటికీ నీ అక్క

తా.క.: నీ లారీని లాగడానికి కంపెనీ పొక్లెయిన్నే అడిగాం. పాపం, ఇచ్చారు. దిబ్బ దగ్గర అది చేసిన పని అదొక్కటే.