ఐసు రుచి

గురువారం, బందరు

ఒళ్లు మండిపోతోంది. ఈరోజు నేను పాఠాలు చెప్పే కాలేజీకి ఒక సైంటిస్టు వచ్చాడు. హిమాలయాల్లో పాత మంచును తవ్వి తీసి పరీక్షిస్తే, ఆ నీరు ఏ సముద్రం నుంచి మబ్బై వెళ్లిందో తెలుస్తుందన్నాడు. నేనే వెంటబెట్టుకెళ్లిన నాన్న లేచి, "నాలుక మీద వేసుకుని చూస్తారా అండీ?" అని అడిగాడు. హాలంతా ఘొల్లుమంది. ప్రిన్సిపాల్ అయితే "కూర్చో పెద్దాయనా, ఇది చేపల రేవు కాదు" అన్నాడు.

ఏం తప్పడిగాడని? చేపల పెట్టెల్లోకి ఐసు కొనేముందు నాన్న ఒక ముక్క నోట్లో వేసుకుని, అది కాలవ నీళ్లదో ఉప్పు బోరుదో చెప్పేస్తాడు. వాళ్లు మిషన్లు పెట్టి వెతికేదీ అదేగా, నీళ్లు ఎక్కడివని!

ఇద్దరం ఇంటికొచ్చాం. గుమ్మంలో చెప్పులు విడుస్తూ నాన్న అన్నాడు: "నువ్వు కూడా నవ్వావమ్మా."